మిణుగురు మెచ్చని రక్తం

నమోదు 61

యంత్రం బాగుంది. గాలి జల్లెడలు దులిపాను. నా ఆరోగ్యం సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి రాయడం లేదు.

ఈ రోజు మా వదినె జంగమ్మ రక్త పరీక్ష రెండోసారి తప్పింది. నేను రక్తాలు పరీక్షించే ఈ వెలుగు గదిలో జరిగిందంతా పూసగుచ్చినట్టు రాయాలని డాక్టర్ మంజుభాషిణి గారి ఆజ్ఞ. ఆ లెక్కన వదినె నన్ను తిట్టిన తిట్లు కూడా రాయాలి. చోటు చాలదు కాబట్టి ఒక్కటే రాస్తున్నాను.

"ఐలేషూ, నీ డబ్బకు నా మీద ఏం పగనో నాకైతె సమజైతలేదు. దానికి కట్నం ఏమన్న బాకీ పడ్డనా?"

డబ్బా అంటే మిణుగురు. అసలు పేరు ఫ్లోరోసెన్స్ స్పెక్ట్రోమీటర్. ఆ పేరు పూర్తిగా పలికే ఓపిక సొరంగపేటలో ఎవరికీ లేదు. ఊరి పేరే మూడు వందల మందిమి కలిసి చంద్రుడి కడుపులో, రాతి సొరంగంలో కాపురం పెట్టినందుకు వచ్చింది. మా పేర్లు ఎప్పుడూ ఉన్నదున్నట్టే ఉంటాయి.

పైకి వెళ్లి పనిచేసేవాళ్లు కవచం మందు వేసుకోవాలి. సూర్యుడి కిరణాలకు అడ్డం పెట్టడానికి పైన రాతి కప్పు లేదు కదా. ఆ మందును రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్ గట్టిగా పట్టుకోవాలి, పట్టుకుని కొంచెం కొంచెంగా వదలాలి. పట్టుకోకపోతే మందంతా ఒక్కసారే ఒంటి మీద పడి మనిషిని మంచం ఎక్కిస్తుంది. అందుకే ముందు వేలి నుంచి చుక్క రక్తం నాకివ్వాలి. నేను దాని తేటను మిణుగురులో పెడతాను. మిణుగురు కంటికి కనబడని కాంతితో ప్రోటీన్‌ను గిల్లుతుంది. ప్రోటీన్ తన సొంత వెలుగు వెనక్కి ఇస్తుంది. అప్పుడు మందు కలుపుతాను. మందు అంటుకుంటే ఆ వెలుగు మసకబారుతుంది. ఎంత మసకబారితే అంత పట్టు. ఒక వెలుగు తగ్గుతుంటే చూసి సంతోషించే ఉద్యోగం నాది.

వదినె రక్తంలో అది తగ్గలేదు. మందు కలిపినా ఉలకలేదు, పలకలేదు.

ఆమె మంచు బండి తోలుతుంది. అంటే తోలేది. ఎండ తగలని గుంతల్లోంచి మంచు గడ్డలు తెస్తేనే మాకు తాగడానికి నీళ్లు, పీల్చడానికి గాలి. బండి తలుపు పడి మణికట్టు విరిగినప్పటి నుంచి కప్పు కిందే ఉంది. చెయ్యి అతికింది. మనిషే అతకలేదు. మళ్లీ పైకి వెళ్లాలంటే ఈ పరీక్ష గట్టెక్కాలి. మూడుసార్లు తప్పితే పైకి వెళ్లే అనుమతి జన్మలో రాదు. రెండు అయిపోయాయి. ఇక్కడ పద్నాలుగు రోజులుండే ఈ ఎండ పక్షం ముగిసేలోపు మూడోది కూడా అయిపోవాలి.

వెళ్లేటప్పుడు గడప దగ్గర ఆగింది. తిట్లు ఆపేసింది. దానికే నాకు భయమేసింది.

"కప్పు కింద ఎన్ని రోజులుంటనో గన్ని రోజులు నేను సగం మనిషినే, మరిదీ," అంది.

నమోదు 62

మిణుగురు బాగుంది. దాని అద్దాలు తుడిచాను, దీపం మార్చాను, పాత నమూనాలతో పరీక్షించాను. తప్పు దానిది కాదు. నాకు ఇష్టం లేకపోయినా రాస్తున్నాను.

వదినె ఏం తింటోందో కనుక్కుందామని వంటశాలకు వెళ్లాను. ఊరందరికీ వండేది మా అన్న సాయిలు. కవచం మందు కూర్చునే చోటే ప్రోటీన్ మీద ఇంకేదో కూర్చుంటోందేమోనని నా అనుమానం. షిఫ్టు బండిలో ముందే ఎవరో తువ్వాల వేసి సీటు పట్టుకుంటే, తర్వాత ఎక్కినవాడు నిలబడాల్సిందే కదా.

"ఏం తింటున్నవ్ వదినె?" అని అడిగాను.

"మీ అన్న పెట్టింది తింటున్న. ఇంకేం దిక్కుంది?"

"చాయ?"

"అదీ మీ అన్న పెట్టిందే. పెండ్లప్పుడే మా అమ్మ చెప్పింది, వంటోన్ని చేసుకుంటే వంకలు పెట్టొద్దని."

మా అన్న పప్పు గరిటె తిప్పుతూ నవ్వాడు. ఆయన మాటల మనిషి కాదు. అయితే నిన్నటి నుంచి కూనిరాగం తీస్తున్నాడు. ఊళ్లో అందరూ వదినె కోసం బాధపడుతుంటే ఈయనకు పాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు కూడా అనిపించింది. ఆ రెండోదే నాకు నచ్చలేదు.

నమోదు 63

డాక్టర్ మంజుభాషిణి గారు వచ్చారు. మిణుగురు గీసిన వదినె గీతలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆమె తిట్టరు. తిడితే బాగుండునని అనిపించేలా అడుగుతారు.

"ఐలేష్ గారూ, మందు కలపకముందు ఎంత వెలుగుందో చూశారా?"

చూడలేదు. ఎంత తగ్గిందనేది చూశాను కానీ ఎక్కడి నుంచి మొదలైందో చూడలేదు. వదినె రక్తం మొదటి నుంచే మసకగా ఉంది. అంటే నా తువ్వాల మాట నిజమే. మందు ఎక్కకముందే సీట్లో ఎవరో ఉన్నారు.

"ఎవరో తెలియాలంటే ఒక్క కిటికీలోంచి చూస్తే ఎలాగండీ? మొత్తం చూడండి."

కరెంటు పొదుపు కోసం నేను మిణుగురును ప్రోటీన్ వెలిగే చోటు మాత్రమే చూడమంటాను. ఈసారి వదినె నమూనాలో మిగిలిన చుక్కను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూపించాను. ప్రోటీన్ వెలగాల్సిన చోట గుట్ట కుంగిపోయి ఉంది. దూరంగా, ఆకుపచ్చ వైపు, ఏ మనిషి రక్తంలోనూ ఉండకూడని ఇంకో గుట్ట లేచింది.

"చుట్టం వచ్చారు," అన్నారు డాక్టర్ గారు. "పేరేమిటో కనుక్కోండి."

నమోదు 64

ఈ రోజు నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా నమోదు నమోదే.

మధ్యాహ్నం వడ్డన అయ్యాక అన్నను పక్కకు పిలిచాను.

"అన్నా, వదినె తిండిల ఏమన్న కలుపుతున్నవా?"

ఆయన గరిటె కింద పెట్టాడు. 

"నీకు గట్ల అనిపిచ్చిందా తమ్మీ," అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. కోపం ఉంటే నేను నిలబడగలిగేవాణ్ణి.

"నువ్వు పాట పాడుతుంటివి కదా అన్నా."

"పాడిన. ఆమె తప్పితె నాకు సంతోషమైంది. అబద్ధమెందుకు? పైన ఉన్నన్ని రోజులు నాకు ముద్ద దిగది. బండి బోల్తాపడ్డట్టు, గాలి అయిపోయినట్టు కలలొస్తయి. ఇప్పుడు పక్కకే ఉంటది, మంచిగ నిద్ర పడుతది." తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. "కానీ అన్నంల ఏం కలుపుత? నేను వంటోన్ని తమ్మీ. నా రక్తం గూడ చూడు. ఇద్దరం ఒక్క గిన్నెలనే తింటం."

వేలు చాపాడు. వద్దన్నా వినలేదు. గదికి వచ్చి కూర్చుని, నేను స్పిరిట్‌తో తుడిచి సూది గుచ్చేదాకా కదల్లేదు.

ఆయన రక్తంలో ఆ ఆకుపచ్చ గుట్ట వదినె గుట్టకంటే పెద్దగా ఉంది.

అయితే తిండే అనుకున్నాను. వెంటనే నా వేలు కూడా పొడుచుకుని చూశాను. మూడు పూటలా నేను తినేదీ ఆ గిన్నెలోదే. నా రక్తంలో ఆకుపచ్చ వైపు గుట్ట లేదు, మిట్ట లేదు, అరచేతిలా చదునుగా ఉంది.

కాబట్టి అది తిండి కాదు. మా అన్నకూ వదినెకూ ఉండి, నాకు లేనిదేదో. చేతి దీపం పట్టుకుని వంటశాలకు పరుగెత్తాను. మిణుగురులోని కాంతే ఈ చేతి దీపంలోనూ ఉంటుంది, గాజు నాళాల మీద మరకలు వెతకడానికి వాడతాను. లైట్లు ఆర్పించి వెలిగించాను.

వంటశాల పండగ చేసుకుంది. గట్టు మీద, డబ్బాల మూతల మీద, తలుపు గడియ మీద, మా అన్న చెవి వెనక కూడా పసుపుపచ్చగా వేలిముద్రలు వెలిగాయి. ఆయన పది వేళ్లూ పది దీపాల్లా ఉన్నాయి.

"పసుపు," అన్నాడు అన్న, తన చేతులను తానే వింతగా చూసుకుంటూ.

పసుపు నీళ్లలో కరగదు. ఇక్కడ చేతులు కడుక్కోవడానికి నీళ్లెక్కడివి, తడిగుడ్డతో తుడుచుకోవడమే. అదే స్పిరిట్‌లో అయితే హాయిగా కరుగుతుంది. వేలు శుభ్రం చేస్తున్నాననుకుంటూ చర్మంలో ఇంకిన పసుపును కరిగించి రక్తపు చుక్కలోకి దించింది నేనే. దించగానే అది పోయి అల్బుమిన్ ఒళ్లో కూర్చుంది. పసుపుకు అల్బుమిన్ అంటే ప్రాణం.

అన్నకు క్షమాపణ చెప్పాను. ఆయన ఒక గిన్నెడు పాయసం చేతిలో పెట్టి పొమ్మన్నాడు. మా ఇంట్లో క్షమించడం అలాగే ఉంటుంది.

రాస్తుంటే ఒక చిక్కు తోచింది. వదినె వంటశాల గడప తొక్కి ఏళ్లయింది. అన్న రానివ్వడు, ఆమె గిన్నెలు మాడుస్తుంది. మరి ఆమె వేలికి పసుపు ఎక్కడిది?

నమోదు 65

బండ్ల కొట్టంలో దొరికింది.

పొద్దున్నే చేతి దీపంతో వెళ్లాను. వదినె మంచు బండి మూలన నిలబడి ఉంది. దీపం వేయగానే దాని ముందు అద్దం నుంచి చక్రాల దాకా వెలుగు. బొట్లు, గీతలు, అరచేతి గుర్తులు, ఒకదాని మీద ఒకటి, పొరలు పొరలుగా. తోలే చక్రమైతే పూర్తిగా పచ్చటి వలయంలా మెరిసింది. దాని వెనక సీట్లో వదినె కూర్చుని ఉంది, ఒళ్లో పసుపు గిన్నె.

పైకి వెళ్లేముందు బండికి పసుపు కుంకుమ పెట్టడం మా ఊరి బండ్లవాళ్లందరికీ ఉంది. ప్రయాణానికి ఒకసారి పెడతారు. పరీక్షలు ఎప్పుడూ ప్రయాణానికి ముందే అయిపోతాయి కాబట్టి ఇన్నేళ్లుగా పసుపూ రక్తమూ ఎదురుపడలేదు.

"రోజూ పెడుతున్నవా వదినె?"

"మరి? పొద్దున లేస్తె ఇంకేం పనుంది నాకు? ఒక్కతే ఉంటది బండి. పలకరియ్యకపోతె ఏమనుకుంటది?" అని రెండు అరచేతులూ గిన్నెలో అద్ది చక్రానికి రాసింది. "తోలనిస్తలేరు. కనీసం తానం చేపియ్యనియ్యుండ్రి."

నాకు నవ్వొచ్చింది. పైకి వెళ్లాలన్న ఆమె తహతహే ఆమెను వెళ్లనివ్వలేదు. ఆ మాటే చెప్పాను. ఆమె తన చేతులను చూసుకుంది, నన్ను చూసింది, బండిని చూసింది.

"అయితె నా రక్తం మంచిదేనా?"

"తెల్వది. నీ రక్తాన్ని నేను ఇప్పటిదాక చూడనేలేదు. పసుపును చూసిన."

నమోదు 66

డాక్టర్ గారు పాత ఫలితాలు కొట్టేయించాలని పై కమిటీని అడిగారు. కుదరదన్నారు. రెండు తప్పులూ తప్పులేనట. మూడో నమూనా నరం నుంచి తీస్తామన్నా ఒప్పుకోలేదు. మొదటి రెండూ ఏ వేలి నుంచి తీస్తే మూడోదీ ఆ వేలి నుంచే తీయాలట. వెనకటికి ఎవడో తమ్ముడి వేలు చూపించి గట్టెక్కాడు, అప్పటి నుంచీ ఈ నిబంధన. కాబట్టి మాకున్నది కుడి ఉంగరపు వేలు. దానికి పట్టిన పసుపు వదలాలి, మళ్లీ అంటకూడదు.

వదినెతో చెప్పాను, మూడో పరీక్ష అయ్యేదాకా బండి ముట్టొద్దని. ముఖం మాడ్చుకుంది.

"ఇన్ని రోజులు రోజూ పెట్టి, ఇప్పుడు పోయే ముంగట బంద్ చేస్తె? బండి అలుగుతది మరిదీ. దారిల మొరాయిస్తది."

నేను అల్బుమిన్ గురించి మళ్లీ మొదలుపెట్టాను. ఆమె వినలేదు. డాక్టర్ గారు చెప్పారు. గౌరవంగా విని, వినలేదు. చివరికి మా అన్న నోరు తెరిచాడు.

"నేను పెడత."

అందరం ఆయన వైపు తిరిగాం. మా అన్న ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ కొట్టంలో అడుగుపెట్టలేదు. ఆ బండి పేరెత్తితేనే లేచి వెళ్లిపోతాడు.

"నీకేం తెలుసు ఎట్ల పెట్టాల్నో," అంది వదినె. కాస్త మెత్తగానే అంది.

"చెప్పు. నేర్చుకుంట."

చెప్పింది. మొదట తోలే చక్రానికి, తర్వాత అద్దానికి, తర్వాత నాలుగు టైర్లకు, చివర్లో తలుపుకు, అది చెయ్యి విరగ్గొట్టినా సరే. ఆయన బుద్ధిగా తలూపుతూ విన్నాడు.

నమోదు 68

అన్న రోజూ కొట్టానికి వెళ్లి పసుపు పెట్టి వస్తున్నాడు. బండితో ఏమైనా మాట్లాడుతున్నాడా అని అడిగితే చెప్పలేదు.

ఈ రోజు వేలు రుద్దడం మొదలుపెట్టాం. పసుపు నూనెలో వదులుతుంది, తర్వాత శనగపిండితో నూనె వదిలించాలి. అన్న నువ్వుల నూనె తెచ్చి, వదినె చెయ్యి ఒళ్లో పెట్టుకుని, అప్పుడే పుట్టిన పిల్లకు రాసినట్టు నెమ్మదిగా రుద్దాడు. పావుగంట రుద్దాక నేను దీపం వేసి చూశాను.

ముందుకంటే ఎక్కువ వెలుగుతోంది. గోరు చుట్టూ అయితే జాతరే.

ముగ్గురం వేలు వైపు చూశాం. తర్వాత ముగ్గురం అన్న చేతుల వైపు చూశాం.

"నీ అసొంటోన్ని నమ్ముకుంటే గిట్లనే ఉంటది," అని వదినె పగలబడి నవ్వింది. ఆమె అలా నవ్వి ఎన్నాళ్లయిందో. అన్న కూడా నవ్వాడు, చెయ్యి మాత్రం వదల్లేదు. నా గదిలోంచి రబ్బరు తొడుగులు తెచ్చి ఆయనకు ఇచ్చాను. తొడుక్కుని మళ్లీ మొదటి నుంచి రుద్దాడు. నూనె, పిండి, నూనె, పిండి. తన వాటా తాగే నీళ్లు తెచ్చి కడిగాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

నమోదు 70

మూడో పరీక్ష. సాక్షిగా డాక్టర్ గారు. అన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు, తొడుగులు ఇంకా చేతికే ఉన్నాయి.

ముందు లైటు తీసి వేలికి దీపం పట్టాను. గదిలో ఉన్నవాళ్లందరికీ ఎక్కడో ఒకచోట పసుపు మెరిసింది. నా చొక్కా బొత్తానికి కూడా. ఆ ఒక్క వేలు మాత్రం చీకటిగా ఉంది.

సూది గుచ్చాను. చుక్క, బరువు తక్కువైన ఇక్కడి పద్ధతిలో, తీరిగ్గా పైకి ఉబ్బింది. తేట తీసి మిణుగురులో పెట్టాను. ఈసారి మొత్తం చూశాను. ఆకుపచ్చ వైపు గుట్ట లేదు. ప్రోటీన్ గుట్ట నిండుగా, ఎత్తుగా లేచి నిలబడింది. జంగమ్మ వదినె రక్తాన్ని నేను చూడటం ఇదే మొదటిసారి.

"ఇప్పుడు మందు," అన్నారు డాక్టర్ గారు.

 చుక్క కలిపాను. గుట్ట కుంగింది. ఇంకో చుక్క, ఇంకాస్త కుంగింది. మూడో చుక్కకు ఇంకొంచెం. నాలుగోదానికి ఆగింది, సీట్లన్నీ నిండాయన్నమాట. లెక్క కట్టి డాక్టర్ గారికి చూపించాను. ఆమె కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చూశారు.

"గట్టి పట్టు. వెళ్లిరండి జంగమ్మ గారూ."

 వదినె కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చుంది. ఆమె ఏడుస్తుందని నేను అనుకోలేదు. అన్న వచ్చి పక్కన నిలబడి, తొడుగులు తీసేసి, పచ్చటి చేత్తో ఆమె భుజం తట్టాడు. ఇక అంటినా ఫరవాలేదు.

నమోదు 71

మిణుగురు బాగుంది. పరీక్షకు వచ్చేవాళ్లు చేతులు దీపం కింద చూపించాకే సూది అని గది బయట రాసి పెట్టాను.

మంచు బండ్లు ఈ రోజు బయల్దేరాయి. బయటి తలుపు దగ్గర ఊరు ఊరంతా చేరింది. వదినె తన బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. నాలుగు టైర్లకూ వరసలో పసుపు, తలుపుకు అన్నిటికంటే ఎక్కువ. బాగా పెట్టావని అనలేదు కానీ, తలుపు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది. అన్న ఐదు అరల టిఫిను అందించాడు.

"గిన్ని ఎవరు తింటరు?"

"నువ్వే. తినకుండ తెస్తె చూడు."

"పొయ్యొస్త," అంది. నాకూ చెప్పింది, నా డబ్బాకూ చెప్పమంది. తలుపులు మూసుకున్నాయి. గోడకున్న తెరలో బండ్లు బూడిద నేల మీద చిన్నవవుతూ వెళ్లాయి. జనం వెళ్లిపోయారు. అన్న తెర ముందు నుంచి కదల్లేదు. ముఖంలో నెత్తురు లేదు. రాత్రి అన్నం ముట్టలేదని నాకు తెలుసు.

మనసు ఆగక అడిగేశాను. "ఇంత భయపడుతున్నవ్ కదా అన్నా. వద్దు అని ఒక్క మాట అనకపోతివా. నీ మాటకు ఆగకపోవునా?"

ఆయన తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఆగుతుండె తమ్మీ. ఒక్క మాట అంటె ఆగుతుండె," అన్నాడు. "గందుకే అనలే."